వరస చివరి వాడు

యసేన్కా,
1994 ఏప్రిల్ 9

అమ్మా,

నువ్వు క్షేమంగా చేరావని హాన్జా పిన్ని వేసిన కార్డు ఇవాళ అందింది. ఫోన్ చెయ్యలేదని అలగకు. మన ఊరి తీగలు మొన్న విప్పేసి తీసుకుపోయారు. పోస్టు మాత్రం వస్తోంది. పోస్టుమాను సైకిలు దిగి, "ఇంకా ఎన్నాళ్లుంటావమ్మా ఈ శ్మశానంలో?" అన్నాడు. "శ్మశానం ఖాళీ అయ్యేదాకా," అన్నాను. నవ్వాలో వద్దో తెలీక వెళ్లిపోయాడు.

మిగిలింది నేనూ, బేనో, లీజ్కా అవ్వ. బొగ్గుగని కోసం ఊరు ఖాళీ చేయించాక అందరూ కొత్త కాలనీకి వెళ్లిపోయారు. మన ఇల్లు అక్కడ శరత్కాలానికి గానీ పూర్తికాదట, కాబట్టి నువ్వు సముద్రపు గాలి పీల్చి ఊపిరితిత్తులు బాగుచేసుకో. బేనో పొద్దున్నే గనిలో డ్యూటీకి వెళ్తాడు. ఊరిని తినే యంత్రం నడిపేది మొగుడు, ఊరికి కాపలా కాసేది పెళ్లాం. పాస్టరుగారు ఇది చెప్పుకుని చెప్పుకుని నవ్వుతున్నారు.

గని పంపులు నీళ్లన్నీ లాగేశాక మన బావి అడుగున ఇసక మెరుస్తోంది. రాయి వేస్తే చప్పుడు కూడా రాదు. పైకప్పులు తీసేసిన ఇళ్లు పొద్దుటి మంచులో టోపీ తీసి నిలబడ్డ మగాళ్లలా ఉన్నాయి. ఈ ఏడు కొంగలు రాలేదు. నిన్న సాయంత్రం వీధిలో నడుస్తుంటే ఎవరో నన్ను పిలిచినట్టు అనిపించి, ఎవరూ లేరని తెలిసి కూడా "ఆఁ, వస్తున్నా" అన్నాను.

మన సమాధులన్నీ కొత్త చోటికి చేరాయి. నానమ్మని పోయిన వారం పంపాం. తెరిచేటప్పుడు చర్చి తరఫున ఒక మనిషి పక్కన నిలబడాలి కదా, ఆ పని నాకు అలవాటైపోయింది. ఇక మిగిలింది గోడవార సైనికుల వరస. నలభై అయిదులో, యుద్ధం చివరి నెలలో మన తోపులో చచ్చిపోయిన ఆ పదకొండు మంది. గని మింగిన ఊళ్లన్నిటి నుంచీ ఇలాంటి వాళ్లని తీసి, పైన్ చెట్ల గుట్ట మీద వాళ్లకంటూ ఒక శ్మశానం కడుతున్నారు. చివరి సమాధి మీద నువ్వు ఏటా చల్లే అవిసెలు ఈసారి కూడా వాటంతటవే మొలిచాయి.

పిన్నిని అడిగానని చెప్పు.

నీ వోర్షా


రూగెన్ దీవి,
ఏప్రిల్ 17

వోర్షా తల్లీ,

ఇక్కడ సముద్రం ఉందో లేదో మూడు రోజుల నుంచి తెలీదు. అంతా మంచే. చప్పుడు మాత్రం వినిపిస్తుంది. మీ పిన్ని నన్ను ఊపిరి తీసుకోనివ్వడం లేదు. "నీ ఊపిరి కోసమే కదే వచ్చావు, పీల్చు, పీల్చు!" అని వీపు మీద చెయ్యేసి ఒడ్డుకి తోస్తుంది. దాని వంటలో అన్నీ చేపలే. ఉడకేసిన బంగాళాదుంపా, పెరుగుముద్దా, పైన కాస్త అవిసెనూనే అడిగితే, "సముద్రం దాకా వచ్చి కూడా మట్టి తిండేనా నీకు!" అంటుంది.

నాకు కల వచ్చింది. మన ఇల్లు నీళ్ల మీద తేలుతూ మెల్లిగా ఒడ్డుకి వచ్చింది. కిటికీలో దీపం ఉంది. లోపల మీ నానమ్మ నా భోషాణం తెరిచి దుప్పట్లన్నీ తీసి పక్కన పెడుతోంది, ఏదో వెతుకుతోంది. "ఏం కావాలి అత్తా?" అని అడిగేలోపే మెలకువ వచ్చేసింది.

ఒక మాట. సైనికుల వరస తెరిచే రోజు నువ్వు వెళ్లకు. లీజ్కాని పంపు. ఎందుకని అడగకు.

మెడకి రుమాలు చుట్టుకుని తిరుగు, వసంతం గాలిని నమ్మకూడదు.

అమ్మ


యసేన్కా,
మే 3

అమ్మా, అమ్మా,

కూర్చుని చదువు. పిన్నిని పక్కన కూర్చోబెట్టుకో.

నాన్న దొరికాడు.

నువ్వు వద్దన్నావు గానీ లీజ్కా అవ్వకి మోకాళ్లు పట్టేశాయి, నేనే వెళ్లాను. పది మందిని తీశారు. కొందరికి బొత్తాలు, ఇద్దరికి పేరున్న బిళ్లలు. చివరివాడి దగ్గర ఏమీ లేదు. బెల్టు లేదు, బూట్లు లేవు. మెడలో ఇత్తడి గొలుసు, దానికొక చిన్న బిళ్ల. ఆ ఇత్తడి పచ్చగా చిలుం పట్టి, కింద ఉన్న బట్టని అరచేతి మేర కుళ్లిపోకుండా కాపాడింది. యుద్ధ సమాధుల సంఘం మనిషి బ్రష్షుతో ఇసక తోసి, "ఇది కాలర్‌లా ఉందే," అన్నాడు.

నేను వంగి చూశాను. నార బట్ట. పెళ్లిచొక్కా కాలరు, మన వైపు కుట్టే చిన్న కుచ్చులతో. ఆ కుట్టు వెనక్కి వాలి ఉందమ్మా. మన ఊళ్లో ఎడమచేత్తో కుట్టేది నువ్వొక్కదానివే. బళ్లో పిల్లలు నా గౌన్లు చూసి "గాలికి వంగిన కుట్టు" అని ఏడిపించేవాళ్లు కదా! అక్కడే ఇసకలో కూర్చుండిపోయాను. సాయంత్రం ఆ ముక్క లీజ్కా అవ్వకి చూపిస్తే కళ్లద్దాలు కూడా పెట్టుకోకుండా, వేలితో తడిమి, "ఇది మీ అమ్మ లేయ్నా చెయ్యే," అంది.

పెళ్లిచొక్కా ఎవరిది వాళ్లే కదా తొడుక్కునేది. పెళ్లినాడు ఒకసారి, పోయిననాడు ఒకసారి. అన్నదమ్ములు కూడా మార్చుకోరు. సంఘం మనిషికి ఇదంతా చెప్తే రాసుకున్నాడు. "ఎముకలు చూస్తే బాగా కుర్రవాడిలా ఉన్నాడండీ," అని నసిగాడు. నాన్నకి ఇరవై ఏడేళ్లేగా, పైగా సన్నటి మనిషి. బిళ్ల మీద మేరీమాత ఉంది, మన లూథరన్లు అలాంటివి వేసుకోరే అంది లీజ్కా అవ్వ. ఎవరో స్నేహితుడు ఇచ్చి ఉంటాడు, యుద్ధంలో మతం ఎవరు చూస్తారన్నాను.

మన చర్చి మాట వాళ్లకి చాలట. రాతి మీద నాన్న పేరు చెక్కిస్తారు. కీటో నగోర్కా. గొలుసు నాకు ఇచ్చేశారు. ఇది రాస్తుంటే నా మెడలోనే ఉంది. యాభై రెండేళ్లు వచ్చాయి, ఇవాళ మొదటిసారి వీధిలో నడుస్తూ "మా నాన్న" అని పైకి అన్నాను. వినడానికి ఊళ్లో ఎవరూ లేరు. అయినా బాగుంది.

జూలై మొదట్లో తిరిగి పూడుస్తారు. రావాలి నువ్వు.

నీ వోర్షా


రూగెన్ దీవి,
మే 8

వోర్షా,

నీ ఉత్తరం అందింది. పిన్ని చదివి వినిపించింది, తర్వాత నేను మళ్లీ చదువుకున్నాను.

రాయి చెక్కించకు. నేను వచ్చేదాకా ఆగమని చెప్పు. గొలుసు మెడలోంచి తీసి జాగ్రత్తగా పెట్టు.

ఒంట్లో బాగానే ఉంది. ఇక్కడ మంచు విడిపోయింది.

అమ్మ


యసేన్కా,
మే 14

అమ్మా,

ఇదా నీ జవాబు? మంచు విడిపోయిందా?

వారం రోజులు నేనూ ఆలోచించాను. యుద్ధంలోకి వెళ్లేవాడు పెళ్లిచొక్కా మూటగట్టుకుని వెళ్లడు. అది నీ భోషాణంలో ఉండేది. అంటే నాన్న ఇంటికి వచ్చాడు. దొంగచాటుగా వచ్చాడో, దెబ్బ తగిలి వచ్చాడో, వచ్చాడు. నువ్వు చూశావు. నీ చేత్తో నువ్వే ఆ చొక్కా తొడిగావు. నాకు చెప్పలేదు.

ఏటా ఆ చివరి సమాధి మీదే అవిసెలు ఎందుకు చల్లావో ఇప్పుడు తెలిసింది. ఆ రోజు వెళ్లొద్దని ఎందుకు రాశావో తెలిసింది. భర్త పోయిన ఆడవాళ్లందరూ తెల్లబట్టలు కడితే నువ్వు మాత్రం కట్టలేదు. నాన్న వస్తాడనే నమ్మకమనుకుని ఊరంతా నీకు చేతులెత్తి మొక్కింది. నేను చిన్నప్పుడు ప్రతి రైలుకీ స్టేషన్‌కి పరిగెత్తేదాన్ని, గుర్తుందా? "రేపు వస్తాడేమోలే" అని నా తల దువ్వేదానివి. ఆయన మన గుమ్మం నుంచి పిలిస్తే పలికేంత దూరంలో పడుకుని ఉంటే!

ఎవరికి భయపడ్డావు? పారిపోయి వచ్చినవాడి పెళ్లామంటారనా? ఆ తర్వాత రాజ్యాలే మారిపోయాయి కదమ్మా. నాకొక్కదానికి చెప్తే ఏం పోయేది?

రాయి చెక్కుతున్నారు. ఆపను.

వోర్షా


రూగెన్ దీవి,
మే 23

నా తల్లీ,

రెండు ఉత్తరాలు రాసి చింపేశాను. ఇది మూడోది. చింపితే నీ పిన్ని నా చెయ్యి విరగ్గొడతానంది.

చిన్నప్పుడు నీకు మిట్టమధ్యాహ్నపావిడ గురించి చెప్పేదాన్ని. ఎండవేళ చేలో ఒంటరిగా ఉంటే తెల్లబట్టలతో, కొడవలితో వస్తుంది, అవిసె కథ గంటసేపు చెప్పమంటుంది, తడబడితే తల తీస్తుంది. ఇప్పుడు ఆవిడ నీ రూపంలో వచ్చింది. సరే, చెప్తాను విను.

పెళ్లికి ముందు ఏడాది మా నాన్న పొలంలో ఒక మూల నాకిచ్చాడు. అవిసె నేనే చల్లాను. నీలంగా పూస్తే చెరువు గట్టెక్కి వచ్చిందనుకున్నారు జనం. నేనే పీకాను, నీళ్లలో నానేశాను. ఆ కంపుకి ఇంట్లోవాళ్లు నన్ను దూరంగా కూర్చోబెట్టి అన్నం పెట్టేవాళ్లు. ఎండబెట్టి, చితక్కొట్టి నార తీసి, దువ్వి, చలికాలమంతా వడికాను. నేసింది మా అమ్మ. మంచు పడ్డ గడ్డి మీద పరిచి తెల్లబరిచింది నేను. ఎడమచెయ్యి అపశకునం, కుడిచేత్తో కుట్టమన్నారు. కుట్టలేకపోయాను. మీ నాన్న పెళ్లిరోజు ఆ కాలరు తడుముకుని, "ఇంకెవరి చొక్కాతోనూ కలిసిపోదులే," అన్నాడు. ఒక్కరోజు తొడుక్కున్నాడు. మడతపెట్టి భోషాణంలో అడుగున దాచాను.

మీ నాన్న ఇంటికి రాలేదు వోర్షా. తూర్పు నుంచి వచ్చిన ఆఖరి కార్డు నలభై నాలుగు వేసవిది, నువ్వు చూసిందే. ఆ తర్వాత నాకు తెలిసిందేమీ లేదు.

నలభై అయిదు ఏప్రిల్‌లో యుద్ధం మన ఊరి మీదుగా అటొకసారి, ఇటొకసారి పోయింది. మగాళ్లెవరూ లేరు. తోపులో పడి ఉన్నవాళ్లని లీజ్కా, నేను, ఇంకొందరు ఆడవాళ్లం తోపుడుబండి మీద తెచ్చి గోతాల్లో చుట్టి పూడ్చాం. పదిమందే అనుకున్నాం. మర్నాడు పుల్లల కోసం ఒక్కదాన్నే వెళ్తే వాగు పక్కన ఇంకొకడు కనిపించాడు. పిల్లవాడు. మీసం కూడా సరిగ్గా రాలేదు. ఎవరో అన్నీ ఒలుచుకుపోయారు, మెడలో గొలుసు తప్ప ఒంటి మీద నూలుపోగు లేదు. జర్మనుడో, పోలిష్ వాడో, రష్యా వాడో, బట్టలు లేనివాడిది ఏ సైన్యమో నాకేం తెలుసు?

అలా పూడ్చడానికి చేతులు రాలేదు. ఇంటికి వచ్చాను. దుప్పట్లన్నీ సైనికులు అంతకుముందే పట్టుకుపోయారు. నువ్వూ నానమ్మా నేలమాళిగలో నిద్రపోతున్నారు. భోషాణం అడుగున అదొక్కటే ఉంది.

ఎక్కడో ఒక తల్లి మీ నాన్నకి ఇలాగే చేస్తుందని అనుకుని ఇచ్చానని రాస్తే అందంగా ఉంటుంది. అబద్ధం. నేనేమీ అనుకోలేదు. వాడికి చలేస్తోందనిపించింది, అంతే. చంటిపిల్లాడికి తొడిగినట్టు ముందు తల దూర్చి, తర్వాత చేతులు దూర్చాను. బిగుసుకుపోయి చాలాసేపు పట్టింది. పైన గోతం చుట్టేసి లీజ్కాని పిలిచాను. అది కూడా చూడలేదు.

పూడ్చి ఇంటికి నడుస్తుంటే అప్పుడు భయం వేసింది. బతికున్న మొగుడి చావుచొక్కా పరాయి శవానికి తొడిగాను. మన ఊళ్లో దానికి అర్థమేమిటో నీకూ తెలుసు. మొగుణ్ణి నా చేత్తో నేనే పూడ్చినట్టు. మీ నానమ్మకి తెలిస్తే నా మొహం చూసేది కాదు. పోయేముందు కూడా నా చెయ్యి పట్టుకుని, "చొక్కా ఉందిగా?" అని అడిగింది. "ఉంది అత్తా," అన్నాను. మీ నాన్న రాని ప్రతి ఏడూ నావల్లే రాలేదనిపించేది. అందుకే తెల్లబట్ట కట్టలేదు. కడితే ఒప్పుకున్నట్టవుతుందని.

ఆ పిల్లవాడి మీద నాకు కోపం ఎప్పుడూ రాలేదు. ఏం పేరో తెలీదు గనక అవిసెలు చల్లాను.

అమ్మ


యసేన్కా,
జూన్ 6

అమ్మా,

చాలా రోజులు రాయలేదు.

నీ మీద అపవాదు వేశాను. క్షమించు. అది అయిపోయింది. ఇంకొకటి ఉంది, అది క్షమాపణతో పోదు.

నిన్న గుట్ట మీదకి వెళ్లాను. రాయి వచ్చేసింది. బూడిదరంగు రాయి, కీటో నగోర్కా అని నిండుగా ఉంది. అక్షరాల్లో వేలు పెట్టి చివరిదాకా దిద్దాను. పైన్ చెట్ల నీడలు రాళ్ల మీద కదులుతుంటే లోపల అందరూ నిద్రలో పక్కకి ఒత్తిగిల్లుతున్నారా అనిపించింది. అక్కడే కాసేపు కునుకు తీశాను. కలలో ఆయన నా వీపు నిమిరాడు. మొహం లేదు, చెయ్యి మాత్రం ఉంది.

బేనో అంటాడు, "ఎవరికి నష్టం? ఆ కుర్రాడికి ఒక పేరు దొరికింది, నీకొక నాన్న దొరికాడు. నోరు మూసుకోండి ఇద్దరూ." రోజంతా ఊళ్లని తవ్వే మనిషి, కాస్త మెత్తగా అన్న మాట అది. నాకూ అలాగే అనిపిస్తోంది. ఈ సంగతి తెలిసింది నీకూ, నాకూ, బేనోకీ, పిన్నికీ. ఇల్లు పోయింది, వీధి పోయింది, బావి పోయింది. ఈ ఒక్క రాయి ఉండనీ.

చొక్కా అప్పుడు నువ్విచ్చేశావు. ఇప్పుడు పేరు కూడా లాక్కుంటావా?

వోర్షా


రూగెన్ దీవి,
జూన్ 11

తల్లీ,

చొక్కా నాది, నేనిచ్చాను. పేరు నీది. నువ్వేం చేసినా నేను సంఘానికి రాయను, పాస్టరుకి చెప్పను.

కానీ ఒకటి చెప్పక తప్పదు. ఆ గొలుసు ఎవరో వాడి మెడలో వేసి పంపారు. ఆ మనిషి బతికుంటే నాకంటే పెద్దది. ఆవిడ కూడా ఎక్కడో మంచంలో పడుకుని "రేపు వస్తాడేమోలే" అనుకుంటూ ఉండొచ్చు. వాడి గురించి వాకబు చేస్తే, వాడు అక్కడ లేడనీ, అక్కడున్నది నగోర్కా అనీ చెప్తారు.

నేను రాలేను. డాక్టరు రైలు వద్దన్నాడు, పిన్ని టికెట్టు దాచేసింది. ఇక్కడ పొద్దు ఎంతకీ గూకడం లేదు. సముద్రం రాత్రి కూడా తెల్లగానే ఉంటోంది. నిద్రపోయానో లేదో తెలియకుండానే తెల్లారిపోతోంది.

నువ్వేం చేసినా నా కూతురివే.

అమ్మ


యసేన్కా,
జూలై 3

అమ్మా,

నిన్న పూడ్చారు. వరసగా చెప్తాను.

పోయిన నెలాఖరున సంఘం మనిషి దగ్గరికి వెళ్లి అంతా చెప్పాను. "ఇన్నేళ్ల సర్వీసులో పేరు పెట్టమని ఏడ్చినవాళ్లని చూశాను, తీసెయ్యమని ఏడ్చేవాళ్లని చూళ్లేదు," అన్నాడు. గొలుసు ఇచ్చేశాను. మేరీమాత బిళ్ల సంగతి, వాగు సంగతి, వయసు సంగతి అన్నీ రాసుకున్నాడు. పోలండు సంఘానికి కూడా పంపుతాడట. మెడలోంచి తీసేటప్పుడు నాకేమీ కాలేదు. బస్సెక్కాక కాలరు లేని చొక్కా వేసుకున్నట్టు మెడంతా చలేసింది. ఏడ్చాను. చాలా ఏడ్చాను. బస్సులో ఎవరో ముసలాయన తన రుమాలిచ్చాడు.

రాయి చెక్కినాయన ఒకటే గొణుగుడు. ఆ రాయినే తిప్పి రెండోవైపు చెక్కించాను. "పేరు తెలియని సైనికుడు." నాన్న పేరు వెనక వైపు, నేలలోకి పోయింది. దాన్ని అరగదీయొద్దన్నాను.

నిన్న పొద్దున గుట్ట మీద పొగమంచు. దూరంగా గని వైపు నుంచి యంత్రాల రొద. ఆ ఒక్కరోజుకి ఆపమంటే ఆపరు కదా, బేనో తన యంత్రాన్ని మాత్రం ఆపుకుని వచ్చి టోపీ తీసి నిలబడ్డాడు. వాళ్ల పెట్టెలు ఎంత చిన్నవో అమ్మా, ఒళ్లో పెట్టుకునేంత. మూత వేసే ముందు ఆ కాలరు ముక్క లోపల పెట్టమన్నాను. నన్నే పెట్టమన్నారు. కుట్టు పైకి వచ్చేట్టు పెట్టాను.

మన పద్ధతిలోనే పాస్టరుగారు ఒక్కొక్క పెట్టె దించి, "అయినవాళ్లు రండి," అన్నారు, మూడు గుప్పిళ్లు మట్టి వెయ్యడానికి. పేర్లున్న ఇద్దరికి ఎక్కడి నుంచో మనవలు వచ్చారు. మిగతా వాళ్లకి ఊరి పెద్దే వేశాడు. చివరి పెట్టె దించారు. పాస్టరుగారు అలవాటుగా, "అయినవాళ్లు," అన్నారు. ఊరి పెద్ద వంగబోయాడు.

నేను ముందుకి వెళ్లాను. మూడు గుప్పిళ్లూ వేశాను. నా వెనక కొత్తగా వచ్చిన విలేకరి అమ్మాయి ఒకతె, కాగితం పట్టుకుని, "మీకు ఏమవుతారండీ ఈయన?" అని అడిగింది.

"మా నాన్న చొక్కా వేసుకున్నాడు," అన్నాను.

ఆ పిల్ల రాసుకోలేదు. లీజ్కా అవ్వ మాత్రం నా చెయ్యి పట్టుకుంది.

నాన్న ఎక్కడో ఉన్నాడమ్మా. ఎవరో ఒకావిడ చొక్కాలో ఉన్నాడు. నువ్వు అప్పుడు అనుకోలేదన్నావు కదా, నీ బదులు నేననుకుంటున్నాను.

నీ వోర్షా